హగిన్స్‌గారి బొటనవేలు

నేను ఒక మట్టిముద్దను. కుమ్మరి సారె ఎక్కే మట్టిని కాను. మైనం, నూనె, గంధకం కలిపి మెదిపిన మట్టిని. వేడిచేస్తే మెత్తబడతాను, చల్లారితే గట్టిపడతాను. మనుషులతో పోలిస్తే ఎంతో నమ్మదగిన స్వభావం నాది.

నన్ను అమెరికాలోని డెట్రాయిట్‌కు, ఒక కార్ల కంపెనీకి తెప్పించినవాడు వెండెల్ ప్రాక్టర్. కారు అందంగా ఉండేట్టు చూడడం కూడా ఒక పనేనని, దానికీ జీతమివ్వాలని ఆ కంపెనీని మొట్టమొదట ఒప్పించిన మొనగాడు. అంతకుముందు ఇంజన్‌వాళ్లు పంపిన యంత్రానికి రేకు తొడిగి, అదే కారు అనేవారు. ప్రాక్టర్ మాత్రం చెక్క చట్రం మీద నన్ను మెత్తించి, అసలు కారంత కారునే చెక్కించేవాడు. నచ్చితే నా మీద అచ్చు తీసి రేకు కార్లు చేసేవారు. ఆ తర్వాత నన్ను గీకి, పొయ్యిలో వేడిచేసి, మరుసటి ఏటి కారుకు మెత్తేవారు. అలా ఎన్నో కార్ల జన్మలెత్తాను గానీ, ఒక్క జన్మలోనూ గజం దూరం కదిలింది లేదు.

ప్రాక్టర్‌కు ఒకటే పిచ్చి. కారు పొడుగ్గా, నేలకు దగ్గరగా ఉండాలి. అప్పటి కార్లు బీరువాలకు చక్రాలు బిగించినట్టుండేవి. కంపెనీ అధ్యక్షుడు హగిన్స్‌గారికి ఆ బీరువాలే ఇష్టం. ఎందుకంటే ఆయన టోపీ తీయడు. నిద్రలోనైనా తీస్తాడో లేదో వాళ్లావిడకే తెలియాలి. టోపీతో దర్జాగా కూర్చోలేని కారు తన కంపెనీనుంచి బయటికి రాదని ఆయన శాసనం. ఈసారి కూడా కప్పు ఎత్తమంటే ఉద్యోగానికి దండం పెట్టి పోతానని, నన్ను చెక్కే బ్రూనోతో ప్రాక్టర్ తెగేసి చెప్పాడు. అతని మొహం చూస్తే అన్నంత పనీ చేసేలా ఉన్నాడు.

అధ్యక్షులవారు చూడవచ్చే రోజు రానే వచ్చింది. పెళ్లిచూపుల పిల్లకు లేనన్ని హంగులు నాకు చేశారు. వెనక చక్రం పైన ఎక్కడో వంపు కుదరలేదని బ్రూనో ఆ ఉదయమే వేడి మట్టి మెత్తాడు. అదింకా చల్లారలేదు.

హగిన్స్‌గారు వచ్చి, తన గుండెలదాకా కూడా రాని నా కప్పును చూసి మొహం చిట్లించాడు.

"ఇందులోకి నేను ఎక్కాలా, పాకాలా?" అన్నాడు.

కప్పు ఎత్తండని చెబుతూ, ఆసరాకు నా మీద చెయ్యి వేశాడు. బొటనవేలు కణుపుదాకా దిగబడింది. కంగారుగా లాక్కునేసరికి గుంట వెనక్కి సాగి తోకలా మిగిలింది. బ్రూనో దాన్ని పూడ్చడానికి పరుగెత్తుకొస్తే ప్రాక్టర్ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండనీ బ్రూనో. ఇక్కడేదో తక్కువైందని ఇన్నాళ్లూ కొట్టుకుంటున్నాను. సర్ కనిపెట్టారు."

నాకు తల కొట్టేసినట్టయింది. నెలల తరబడి గీకి నునుపు చేసిన ఒళ్లు నాది. హగిన్స్‌గారు మాత్రం ఆ గుంటను అటునుంచీ ఇటునుంచీ మురిసిపోతూ చూసుకున్నాడు.

"నాకూ అలాగే అనిపించింది. అందుకే నొక్కాను," అన్నాడు.

కప్పు ఎత్తితే చూసేవాళ్ల కళ్లు పైకే పోతాయని, ఇంత మంచి గుంట ఎవరి కంటా పడదని ప్రాక్టర్ వినయంగా విన్నవించాడు. అధ్యక్షులవారు కాసేపు ఆలోచించి, అయితే కప్పు జోలికి పోవద్దని ఆజ్ఞాపించి వెళ్లిపోయారు.

కారు బజారుకెక్కక ముందే పత్రికలు గుంటను ఆకాశానికెత్తాయి. గాలి తాకిడికి పడ్డ వంపు అని ఒకాయన రాశాడు. కిట్టని పోటీ కంపెనీలవాళ్లు కూడా తమ కార్లకు గుంటలు పెట్టించే పనిలో పడ్డారు. అప్పటికి నేను మరో కారుగా సగం తయారై ఉన్నాను.

మొదటి కారును మా శాల ముందుకు తెచ్చారు. ఫొటోలవాళ్ల ఎదుట హగిన్స్‌గారు ఎక్కబోయాడు. టోపీ కప్పుకు తగిలి కనుబొమ్మల మీదికి దిగింది. వెనక్కి వచ్చి, సర్దుకుని, మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ దిగింది. చివరికి చుట్టూ ఒకసారి చూసి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, నున్నటి బట్టతల వంచి లోపలికి దూరాడు. బ్యాంకుల వాళ్లకీ, మంత్రులకీ వంచని తల అది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే జాలీ వేసింది.

ప్రాక్టర్ నవ్వలేదు. లోపలికి వచ్చి నా కప్పు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"బ్రూనో, దీన్ని ఇంకో రెండంగుళాలు దించు. ఆయనకిక అలవాటైంది."