బీరమ్మకు జోడు

చిట్కుల్ పంచాయతీ ఆఫీసు ముందు పట్నం డాక్టర్లు గుడారం వేసి వారమైంది. దేశంలో ఎంతమంది ఊపిరితిత్తుల్లో బూజు పెరుగుతోందో లెక్క తీస్తున్నారట. టీబీ వచ్చి తగ్గినవాళ్లకు ఆ జబ్బు ఎక్కువట. ఆ జాబితాలో తన కూతురు నాగేశ్వరి పేరుందని తెలియగానే మొగులమ్మ గుండె జారిపోయింది. పిల్లకు టీబీ ఎన్నడూ రాలేదు. కానీ పని కోళ్ల దాణా మిల్లులో, తడిసిన మక్కజొన్నల దుమ్ములో. బూజు అక్కడే ఎక్కిందని తల్లి తేల్చేసుకుంది. మూడు రోజులు పని మాన్పించి, మిరియాల కషాయం పోసి, నాలుగో రోజు చెయ్యి పట్టుకుని గుడారానికి లాక్కొచ్చింది.

"దగ్గొస్తదా?" అని డాక్టరు నాగేశ్వరిని అడిగాడు.

జవాబు మొగులమ్మ నోట్లో సిద్ధంగా ఉంది. "రాకేం సారూ! ఏడాది పిల్లప్పుడు కోరింత దగ్గు. అయిదో తరగతిల సలికి దగ్గింది. మొన్న అంజయ్య ఇంట్ల మిర్చి పోపు పెడితె దగ్గింది."

"అమ్మా, జెర ఊకో! ఆ పోపుకు గల్లీ అంత దగ్గింది."

డాక్టరు జాబితాలో నాగేశ్వరి పేరు మీద గీత గీశాడు. "అయితే ఈమె పనికి రాదు."

"పనికి రాదా! గంత ముదిరిందా?" మొగులమ్మ నేల మీద కూలబడింది.

బల్ల మీద కూర్చున్న బీరమ్మ పకపకా నవ్వింది. నాగేశ్వరి ఈడుదే, అదే గల్లీది. నాలుగేళ్ల కింద టీబీ తగ్గినా దగ్గు ఆమెను వదల్లేదు.

"బూజు నాకు, అత్తా, నీ బిడ్డకు గాదు! ఒక్కో రోగికి గదే గల్లీల, గదే ఈడుల మంచిగున్న మనిషి ఒకరు గావాల్నట. ఇద్దరిని పక్కపక్కన పెట్టి సూస్తరట. నాకు జోడు నీ బిడ్డను ఏరిండ్రు. నువ్వేమో రోగిష్టిదాన్ని జేస్తివి."

మొగులమ్మ దిగ్గున లేచింది. "ఎవరు రోగిష్టిది? సారూ, గా గీత చెరుపు! నా బిడ్డ రెండు బిందెలు ఒక్కపారి మోస్తది."

"మరి కోరింత దగ్గు?"

"గది అందరికొస్తది. నీకు రాలేదా?"

డాక్టరు నవ్వు ఆపుకుంటూ నాగేశ్వరికి ఊదే గొట్టం ఇచ్చాడు. ఆమె ఊదితే ముల్లు గిర్రున చివరిదాకా పోయింది. పేరు మళ్లీ ఎక్కింది.

"రా అత్తా, కూసో," బీరమ్మ బల్ల తట్టింది. "గిది అంటుకునేది గాదు, సారే చెప్పిండు."

"నాకు తెల్వదా!" అని మొగులమ్మ ఆమె పక్కనే కూర్చుంది. ఊపిరి మాత్రం బిగబట్టింది.