నవ్వకమ్మా

పొద్దున్నే స్టూడియో షట్టర్ ఎత్తడం, తెరల దుమ్ము దులపడం, లెన్సు తుడవడం, వచ్చినవాళ్లకల్లా "నవ్వకండి" అని చెప్పడం. ఇదీ ఫొటోల అక్కయ్య దినచర్య. నవ్వితే ఆ నవ్వు ఫొటోలోకి వెళ్లిపోతుంది, మళ్లీ తిరిగి రాదు. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు కనుక బుద్ధిగా మూతి బిగించుకుని కూర్చుంటారు.

మొదట్లో ఆమెకు ఫొటోలు ఒట్టి సరదా. ఇంట్లో తేరగా దొరికే మనిషి అమ్మే కాబట్టి, పొయ్యి దగ్గరా బట్టల తీగ దగ్గరా "నవ్వమ్మా, ఒక్కసారి నవ్వు" అంటూ వెంటపడేది. అప్పట్లో చెయ్యి వణికేది, ఫోకస్ కుదిరేది కాదు. మసక బొమ్మలో ఏదీ నిలవదు, అందుకే అమ్మ నవ్వు అమ్మ దగ్గరే ఉండిపోయింది. పోనుపోను కిటికీ వెలుగుకి మనిషిని ఎటు తిప్పాలో తెలిసింది, ఊపిరి బిగబట్టి నొక్కడం అలవాటైంది. చెయ్యి తిరిగింది. ఇంకేముంది, జనం తమ బెంగలూ దిగుళ్లూ తీయించుకోవడానికి బారులు తీరారు.

"ముఖం మీద ఉన్నదే వస్తుందండీ, లోపలిది నా వల్ల కాదు," అని ముందే చెప్పేసేది.

వ్యాపారం బాగా నడుస్తుండగా అమ్మకు నడుంనొప్పి పట్టుకుంది. డాక్టర్లు చేతులెత్తేశారు. పాపం, మూలుగు బయటికి రాకుండా పంటి బిగువున భరించేది.

"ఊళ్లోవాళ్లవన్నీ తీస్తావు, నాది తియ్యవే," అంది ఒకరోజు.

స్టూలు మీద కూర్చోబెట్టి, లైటు సరిచేసి కెమెరా ఎత్తిందో లేదో, అమ్మ ముఖం విప్పారింది.

"నవ్వకమ్మా!"

"నేనెక్కడ నవ్వానే?"

తెర చాటునుంచి ప్రయత్నించింది. ఎలా పసిగట్టిందో ఏమో, అమ్మ అటే తిరిగి నవ్వింది. నిద్రలో తీద్దామంటే, కునుకు పట్టిన ఆ కాసేపూ నొప్పి ముఖం మీద ఉండదు. కసిరి చూసింది. చివరికి ఏడ్చేసింది. కూతురు ఏడుస్తోందని ఓదార్చడానికి కూడా అమ్మ నవ్వింది. తాను నేర్పిన పాఠమే, ఇక ఎవరినని ఏం లాభం?

"ముందు ఆ పాడు నవ్వు తీసెయ్," అంది అమ్మ. "దాని వెనక నొప్పి ఉంటుంది. అదీ తీసెయ్."

"మళ్లీ రాదమ్మా."

"నడుం నిలబడనప్పుడు నవ్వి ఎవర్ని ఉద్ధరించాలే? కానియ్."

వేరే దారి కనపడక నొక్కింది, వెంటనే మళ్లీ నొక్కింది. రెండు ఫొటోలూ అద్భుతంగా వచ్చాయి. అంత బాగా ఆమె ఎప్పుడూ తీయలేదు.

మర్నాటినుంచి అమ్మ వంగి ఇల్లు ఊడుస్తోంది, చకచకా మెట్లెక్కుతోంది, హాయిగా నిద్రపోతోంది. ఓ మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు వచ్చి కూతురి పక్కన కూర్చుంది.

"ఏదైనా నవ్వొచ్చేది చెప్పవే. నవ్వాలనుంది."

అక్కయ్య చేతిలోని లెన్సు గుడ్డ పక్కన పెట్టింది. బట్టతల పెద్దమనిషి ఒకాయన ఫొటోకి ముందు దువ్వెన అడిగి, అద్దం ముందునుంచి ఎంతకీ కదలని సంగతి ఎత్తుకుంది. గొంతు మార్చి, లేచి నిలబడి, లేని జుట్టు దువ్వి మరీ చూపించింది. అమ్మ ఆమె ముఖంలోకే చూస్తూ శ్రద్ధగా వింది.

"అయిపోయిందా?" అని అడిగింది.