బోసి నుదురు

పెనంలో సాస్ ఉడుకు పట్టగానే ఫేబీ వేడి తగ్గించి, రొట్టెను చిన్న చిన్న ముక్కలుగా కోయసాగింది. పెర్త్‌లోని ఆ సూపర్‌మార్కెట్లో, పాల అరల పక్కన మేజా వేసుకుని, వచ్చేపోయేవాళ్ళకు కంపెనీ సరుకు రుచి చూపించడం ఎనిమిదేళ్ళుగా ఆమె పని. యాభై రెండేళ్ళ పొట్టి మనిషి. ఏ కాలు మీద నిలబడితే ఆ మోకాలు నొప్పి.

పెళ్ళికి ముందు గుంటూరులో ఆమె బట్టల సబ్బు కంపెనీ జీపెక్కి ఊరూరా తిరిగేది. మైకులో గొంతు చించుకుని జనాన్ని పోగేసి, ఎవరిదో మాసిన పంచె అడిగి తీసుకుని అందరి ముందూ ఉతికేది. మురికి వదిలితే కొనేవారు, వదలకపోతే మొహం మీదే నవ్వేవారు. ఇక్కడ కేకలు పనికిరావు. ఒక్కసారి తినమనాలి, నవ్వాలి, ఊరుకోవాలి. "లవ్లీ" అంటూ తిని, చాలామంది కొనకుండానే పోతారు. మొదట్లో ఆ నిశ్శబ్దానికి ఊపిరాడేది కాదు. భర్త విలియం పోయాక ఇంట్లోనూ అదే అయింది.

ఆ రోజు, ఎనభై తొమ్మిదిలో ఒక గురువారం, మేనేజరు స్టీవ్ సీసాల్లో కొత్తగా వచ్చిన ఇండియన్ కూర సాస్ కోసం నిలువెత్తు అట్టబొమ్మ తెచ్చి నిలబెట్టాడు. పట్టుచీర, వెనక ఏనుగు, నుదుట రూపాయంత బొట్టు. ఫేబీ చేతిలో బొట్టుబిళ్ళల అట్ట పెట్టాడు. ముందురోజు చీర కట్టుకు రమ్మన్నప్పుడు ఆమె అభ్యంతరం చెప్పలేదు. చర్చికి కట్టుకునే చీరే కట్టుకొచ్చింది. బొట్టు మాత్రం మా ఇంట్లో మూడు తరాలుగా లేదు, పెట్టుకోనంది. అది లేకపోతే నువ్వు ఇండియన్‌వని జనానికి ఎలా తెలుస్తుందని స్టీవ్ మర్యాదగానే అడిగాడు. ఆలోచించుకోమని లోపలికి వెళ్ళాడు.

సరుకులకొచ్చిన ఒక తెలుగు డాక్టరుగారి భార్య శేషుకుమారి అదంతా విన్నది.

"పెట్టేసుకోండి ఆంటీ. జస్ట్ స్టిక్కరేగా, ఈ డెమో అయిపోగానే తీసేయొచ్చు."

"కాఫీ అమ్మటానికి నిన్ను మెళ్ళో సిలవ ఏసుకోమంటే ఏసుకుంటావా అమ్మా?"

శేషుకుమారి ఇబ్బందిగా ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. "ఇదేంటి ఆంటీ, పాయసంలా ఉంది" అంది మెల్లగా.

ఫేబీ పెనంకేసి చూసింది. సబ్బు కంపెనీ ఆమె గొంతును వాడుకుంది గాని నుదుటి జోలికి ఏనాడూ రాలేదు. ఆమె కూరగాయల వైపు వెళ్ళి వెల్లుల్లి, పచ్చిమిరపకాయలు సొంత డబ్బుతో కొనుక్కొచ్చింది. సీసా అడుగుతో చితక్కొట్టి పెనంలో పడేసింది. ఆపైన జీపు మీద నిలబడ్డట్టు నిటారుగా నిలబడి, ఈ సీసాలోది మేం తినేది కాదు, దీన్ని తినేలా ఎలా చెయ్యాలో చూపిస్తాను రండని ఇంగ్లీషులో కేకేసింది.

ట్రాలీలు ఆగాయి. ఒక ముసలాయన దగ్గి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ చెయ్యి చాపాడు. మూడు గంటలకల్లా సాస్ సీసాల అర ఖాళీ అయింది.

స్టీవ్ వచ్చి ఆ అరను చూశాడు, ఆమె నుదుటిని చూశాడు. అమ్మకం బాగానే ఉంది గాని, కంపెనీ సరుకు బాగోలేదన్న మనిషిని ఉంచుకోలేమన్నాడు. వచ్చేవారం నుంచి రానక్కర్లేదన్నాడు.

"రాను. ఆ అట్టబొమ్మతో వండించుకో" అంది ఫేబీ.

ఏప్రన్ విప్పి, నాలుగు మడతలు పెట్టి అతని చేతికిచ్చింది. కొంగు సవరించుకుని, ఇంటికెళ్ళే కానింగ్ వేల్ బస్సు కోసం నెమ్మదిగా బయటికి నడిచింది. తెల్లటి మేజాగుడ్డ మీద, పొట్టు మధ్యన, సగం వలిచిన వెల్లుల్లిపాయ ఘాటుగా వాసనేస్తూ పడి ఉంది.