వదిలేసిన బంతులు

ఇంకో గంటలో సెమీఫైనల్. ఓడితే బాక్సర్‌కి జట్టులో చోటు పోతుంది. అతనికి ఒకటే జబ్బు. ప్రత్యర్థి ఉత్తుత్తినే చెయ్యి ఊపినా నిజమనుకుని ఎదురు గుద్దుతాడు. చివరి రౌండుకల్లా చేతులు లేవవు.

కోచ్ అతని అక్క మొగుడే. బామ్మర్ది చేతులకి పట్టీలు చుడుతూ, కళ్ళు మాత్రం గోడమీది టీవీలో వస్తున్న క్రికెట్‌కి అప్పగించాడు.

"బావా, ఆ బ్యాటర్ ఇందాకట్నుంచీ బంతులు వదిలేస్తూనే ఉన్నాడు. అదీ ఒక ఆటేనా? జోలపాట!" నవ్వాడు బాక్సర్.

"నోరు మూసుకుని బౌలర్ మొహం చూడరా."

బౌలర్ ప్రతి బంతినీ వికెట్లకి కాస్త దూరంగా వేసి ఊరిస్తున్నాడు. బ్యాటర్ చివరిదాకా చూసి వదిలేస్తున్నాడు. చెమటతో తడిసిపోయిన బౌలర్ చివరికి విసిగిపోయి బంతిని నేరుగా వేశాడు. బ్యాట్ కదిలింది. బంతి బౌండరీ దాటింది.

బాక్సర్ నవ్వు ఆగిపోయింది. "నన్నూ ఇలాగే ఊరిస్తున్నారు కదా బావా?"

"నేను నెత్తీనోరూ కొట్టుకుని చెప్తే ఎక్కలేదు, టీవీ చెప్తే ఎక్కిందా?"

రింగులో ప్రత్యర్థి మొదటి రెండు రౌండ్లూ ఊరించాడు. బాక్సర్ మొహానికి చేతులు అడ్డుపెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. జనం ఈలలేశారు. విరామంలో ఎదుటి మూల ప్రత్యర్థి రొప్పుతున్నాడు.

"బావా, అతను అవుటవ్వలేదు కదా?"

"ఎవడ్రా?"

"ఆ బ్యాటర్."

"ఇప్పుడే కనుక్కున్నాలే. ఉన్నాడు. నువ్వు లే."

గంట మోగింది. ఈసారి ప్రత్యర్థి విసిగిపోయి నిజంగానే గుద్దబోయాడు. బాక్సర్ చెయ్యి కదిలింది. కిందపడ్డ ప్రత్యర్థి రిఫరీ పది లెక్కపెట్టినా లేవలేదు.