ఎర్ర బటన్

నేను ఒక జాయ్‌స్టిక్‌ని. జాయ్ నాలో ఎంతుందో కొన్నవాళ్ళే చెప్పాలి. స్టిక్ మాత్రం గ్యారంటీ, పట్టుకున్న చెయ్యి వదలదు. ఏదో ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ కరిగించి, అచ్చులో పోసి నన్ను కన్నారు. నల్లటి ఒళ్ళు, నెత్తిన ఎర్ర బటన్. విమానాల యుద్ధం ఆటలో మన విమానం కూలి బూడిదైతే ఆ బటన్ నొక్కాలి. బూడిద రెక్కలు కట్టుకుని మళ్ళీ ఎగురుతుంది. మనుషులకి నా మీద మమకారం అందుకే. చావుకి కూడా సెకండ్ షో ఉండాలి వాళ్ళకి.

నా మొదటి యజమాని విశాఖలో ఓ కాలేజీ విద్యార్థి. పరీక్ష తప్పి, ఆ తప్పు నాదేనని తేల్చి, సెకండ్‌హ్యాండ్ షాపుకి తోసేశాడు. అక్కడ సూరిబాబు నన్ను కొన్నాడు, తనకి కాదు, అక్క మొగుడికి. ఆ బావ పైడిరాజు ఓడరేవులో క్రేన్ ఆపరేటరు. పైన క్యాబిన్‌లో కూర్చుని, అచ్చం నాలాంటి మీటతోనే ఓడల్లోంచి పెద్ద పెద్ద పెట్టెలు దింపుతాడు. కింద నిలబడి చేత్తో సైగలు చేసేది సూరిబాబే.

"ఆడు బావా, సెయ్యి తిరుగుతాది" అన్నాడు.

తిరిగింది. చూపు చురుకెక్కింది, చెయ్యి కుదిరింది, సూపర్వైజరు మెచ్చుకున్నాడట కూడా. ఆ తర్వాతే తల తిరిగింది. పగలంతా ఓడలతో పని, ఇంటికొస్తే ఓడడంతో పని. గెలిస్తే ఇంకో ఆట ఆడాలి, ఓడితే తప్పకుండా ఆడాలి. ఎటు చూసినా బేరం నాదే. భార్య నూకరత్నం "పులుసులో ఉప్పు సరిపోయిందా?" అంటే "కూలిపోయింది" అనేవాడు. నిద్ర పట్టేది కాదు. నవ్వడం మానేశాడు. ఓసారి ఆవిడ టీవీకి అడ్డంగా నడిచిందని పళ్ళెం విసిరాడు. దాని సొట్ట ఇంకా పోలేదు. ఆ సొట్ట పళ్ళెంలోనే తింటూ, ఎడం చెయ్యి పీట మీద పెట్టుకుని, దాని బొటనవేలితో ఊరికే గాల్లో నొక్కుతూండేవాడు. నన్ను ఆ చేత్తోనే పట్టుకునేవాడు మరి.

ఓ మధ్యాహ్నం డ్యూటీ మధ్యలోనే బావాబావమరుదులు ఇంటికొచ్చారు. సూరిబాబు మోచెయ్యి దోక్కుపోయి ఉంది. ఒక్క కాలికే బూటుంది. నూకరత్నం టీ ఇచ్చింది. ఎవరూ తాగలేదు.

"ఏటయ్యిందిరా?" అంది తమ్ముణ్ణి.

"పెట్టె దిగుతోందక్కా. దాని కిందున్న మోకుల్లో నా బూటు ఇరుక్కుంది. ఆపమని సెయ్యూపేను. బావ నా వేపే సూస్తన్నాడు, ఆపలేదు. బూటొదిలేసి గెంతేను."

"మీట వదిలేస్తే సాలు, పెట్టె అక్కడే ఆగిపోద్ది" అన్నాడు పైడిరాజు, తల దించుకుని. "వదల్లేదు. మీట నెత్తిన నొక్కేను. నొక్కుతానే ఉన్నాను."

"ఆ మీట నెత్తినేటుంది బావా?"

"ఏటీ నేదు."

సూరిబాబు నా వైపు చూశాడు. నా నెత్తి చూశాడు.

"సచ్చిపోయినా మళ్ళీ లెగుస్తాననుకున్నావేటి?"

అతనికి ఎప్పుడూ వేళాకోళమే. ఈసారి అతనే నవ్వలేదు.

పైడిరాజు ఎడం బొటనవేలు ముందుకి చాపి అన్నాడు: "ఈ ఏలు నొక్కడం మర్సిపోయేదాకా క్రేన్ ఎక్కను. సూపర్వైజరుకి సెప్పేసే వచ్చేను."

"మర్సిపోద్దా?" అంది నూకరత్నం.

అతను టీ గ్లాసు పట్టుకున్నాడు. గ్లాసు అంచు మీద బొటనవేలు నొక్కుతోంది. అది అతనికి తెలీదు. నూకరత్నం ఆ వేలి మీద తన చెయ్యి వేసి అదిమి పట్టుకుంది. చేతికింద అది ఇంకా కదులుతూనే ఉంది.

"నేనిచ్చిందే గదా, నేనే అట్టుకుపోతాను" అని సూరిబాబు నా వైరు పుటుక్కున లాగి, కుంటుకుంటూ బయటికి నడిచాడు.

ఇప్పుడు పాత ఇనప సామాన్ల కొట్లో ఉన్నాను, సైకిల్ రిమ్ములకీ ఫ్యాను రెక్కలకీ మధ్య. నన్ను గుట్టలోకి విసిరే ముందు కొట్టువాడు ఊరికే నా ఎర్ర బటన్ నొక్కాడు. ఆగి, మళ్ళీ నొక్కాడు. బొటనవేళ్ళన్నీ ఒకే ఆశతో పుడతాయి కాబోలు.

నేను లేవలేదు.