తలకట్లు చివర్న

అమ్మ పోయినప్పుడు తూనీగ ఏడవలేదు. ఏడిస్తే బరువు దిగుతుందని పొరుగింటావిడ చెప్పింది. ఏడవకపోతే లోపల గడ్డ కడుతుందని ఎదురింటాయన చెప్పాడు. చావు ఇంట్లో సలహాలకు కొదవేముంది? ఆ పిల్ల అందరికీ తలూపింది, అందరికీ టీ ఇచ్చింది, గ్లాసులు కడిగి బోర్లించింది. లోపల ఎంత తడుముకున్నా దుఃఖం దొరకలేదు, భయమూ దొరకలేదు, ఆఖరికి ఆకలి కూడా లేదు.

తూనీగ అసలు పేరు కాదు. సన్నటి కాళ్లేసుకుని ఒకచోట నిలవకుండా తిరుగుతుందని వాళ్లమ్మ పెట్టిన ముద్దుపేరు. ఇప్పుడు కూర్చోబెట్టిన చోటే కూర్చుంటోంది. పేరు మాత్రం మారలేదు.

వాళ్లమ్మ దుకాణాలకు బోర్డులు రాసేది. ఆవిడ పనికి ఒక పద్ధతి ఉండేది. రేకు నేల మీద పరుచుకుని అక్షరాల ఒళ్లు మాత్రమే ముందు రాసేది. గుళ్లూ కొమ్ములూ దీర్ఘాలూ అన్నీ అప్పుడే పడిపోయేవి, తలకట్లు తప్ప. అవి చివర్న, సన్నకుంచెతో, ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒకే ఊపులో పెట్టేది. అలా పెడితే అన్నీ ఒకే వాలులో వస్తాయట. ఎవరైనా అడిగితే, "ఒళ్లు తోమాక కదా తల దువ్వుతాం" అనేది.

ఆఖరి బోర్డు కుట్టు మిషన్లు బాగుచేసే ఆయనది. మిషన్లు అని రాస్తే నలుగురిలో ఒకడినవుతానని, పాత మాటే కావాలని పట్టుబట్టాడు. "కుట్టు మరలు బాగుచేయబడును" అని ఆవిడ ఒళ్లు రాసేసింది. "నడుం లాగేస్తోంది, తలకట్లు కాసేపాగి పెడతా" అని గోడవైపు తిరిగి పడుకుంది. పక్కనే కూర్చుని ఫోను చూసుకుంటున్న తూనీగ "ఊఁ" అంది. ఆవిడ మళ్లీ లేవలేదు. గుండె అన్నారు డాక్టర్లు.

మిషన్లాయన బోర్డును ఉన్నదున్నట్టే పట్టుకెళ్లి తగిలించుకున్నాడు. తల తీసేస్తే మన ర ఉత్త సున్నా కదా. దాంతో బోర్డు మీద "కుట్టు మంలు" వెలిశాయి. వీధి మొత్తం ఆయనకు మంలాయన అని పేరు పెట్టేసింది. బడికి అదే దారి. తూనీగ రోజూ ఆ బోర్డు కిందనుంచే నడిచేది. తలెత్తి చూసేది కూడా. గోడను చూసినట్టే చూసేది.

ఇంటి బాధ్యత పిన్ని మీద పడింది. పిన్ని అంటే అమ్మకు చెల్లెలు, ఆసుపత్రిలో రోగుల వివరాలు కంప్యూటర్లో ఎక్కించే ఉద్యోగం. ఆవిడ వేళ్లు కీబోర్డు మీద వడగళ్లు పడ్డట్టు ఆడతాయి. తూనీగ నోట్సు చేత్తో రాయాలా, టైపు చేయాలా అని అక్క బతికున్నప్పుడే ఇద్దరికీ పడేది కాదు. "చేత్తో రాసింది చేతికి గుర్తుంటుందే" అనేది అక్క. "కంప్యూటర్‌కి గుర్తుంటే చాలదా అక్కా" అనేది చెల్లెలు. ఇప్పుడు వాదించేవాళ్లు లేరు గనక పిన్ని గెలిచింది. ఆ గెలుపు ఆవిడకేమీ రుచించినట్టు లేదు. అయినా తన పాత ల్యాప్‌టాప్ తెచ్చి తూనీగ ముందు పెట్టింది.

టైపు చేయడం తూనీగకు హాయిగా ఉండేది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చి కూర్చుంటుంది. శ, ష, సల్లో ఏది కావాలో అదే చూపిస్తుంది, వేలు ఆనిస్తే సరి. తలకట్లు ఎవరూ పెట్టక్కర్లేదు, పుట్టుకతోనే ఉంటాయి. పాఠాలన్నీ కొట్టేసింది. శీర్షికలకు రంగులేసింది. అంత ముచ్చటైన నోట్సు తరగతిలో ఎవరికీ లేదు. అందులో ఒక్క ముక్క కూడా తూనీగ లోపలికి పోలేదు. కళ్లలోంచి వచ్చి వేళ్లలోంచి వెళ్లిపోయింది. తనకూ అదే కావలసింది.

మొదటి పరీక్షలో బండారం బయటపడింది. "విషం" అని రాయబోయి మధ్యలో ఆగి, ఏ ష వేయాలో చూపిస్తుందేమోనని కాగితం వంక చూసింది. కాగితం ఏం చూపిస్తుంది దాని మొహం. చెయ్యి నొప్పెట్టింది. సగం పేజీలు తెల్లగానే ఇచ్చి వచ్చింది.

సోషల్ మాస్టారు నాన్నను పిలిపించారు. నాన్న బస్సు డ్రైవరు, డ్యూటీ చొక్కాతోనే వచ్చి నిలబడ్డాడు.

"ఇంకో పరీక్ష పెడతాను. అందులోనూ ఇంతే అయితే పై పరీక్షకు పేరు పంపలేనండీ. వచ్చే ఏడు చిన్నపిల్లలతో కలిసి ఇదే తరగతిలో కూర్చోవాలి. అమ్మాయి పరిస్థితి నాకు తెలియక కాదు" అన్నారు మాస్టారు.

ఇంటి మెట్ల దగ్గర నాన్న ఆగాడు. "మీ అమ్మ చదువుకోలేదు, రాసేది అంతే. బోర్డు మీద రాయాల్సిన ప్రతి మాటా నిన్నే అడిగేది, తప్పుందా అని. నువ్వు చదువుకోవాలని ఎంత ఆశ పడిందో. ఈ ఒక్కటీ గట్టెక్కు తల్లీ" అన్నాడు.

తూనీగ తలూపింది. మాటలు అర్థమయ్యాయి, ఎక్కడా తగల్లేదు. అయినా చెప్పిన పని చేయడం అలవాటైపోయింది గనక పెన్ను తీసింది. పిన్ని చూసి ల్యాప్‌టాప్ మూసి పక్కన పెట్టింది. "రాయి. మా అక్కే కరెక్టు, సరేనా?" అని వంటింట్లోకి వెళ్లి ముక్కు చీదుకుంది.

మొదట్లో చెయ్యి మొండికేసింది. ఆలోచన ముందు పరిగెడుతుంటే పెన్ను వెనక కుంటుతూ వచ్చేది. తర్వాత్తర్వాత, ఎప్పుడు మొదలైందో తనకే తెలీదు, తలకట్లు మానేసింది. ఒళ్లు రాసుకుంటూ పోయి, పేజీ నిండాక పైనుంచి కిందికి వరసగా తలలు పెట్టేది. వేగం వచ్చింది. పాఠమూ నిలిచింది. ఎవరి పద్ధతో తెలిసే రాసింది, కానీ ఆ తెలియడంలో కూడా ఏమీ అనిపించలేదు.

రెండో పరీక్షలో వరదల పాఠం వచ్చింది. అన్నీ తెలిసిన ప్రశ్నలే. ఇక ఆ పిల్ల పేజీకోసారి ఆగడం కూడా దండగనుకుంది. తలకట్లన్నీ చివర్న ఒకేసారి పెడదామని రాసుకుంటూ పోయింది. ఆఖరి జవాబు ముగించి మొదటి పేజీ తిప్పేసరికి గంట కొట్టారు. మాస్టారు కాగితాలు లాక్కున్నారు.

మర్నాడు స్టాఫ్ రూముకు పిలిచారు. మాస్టారు కళ్లజోడు పైకి తోసుకుని చదివారు. "పాత వందను మంచి ఏటి ఒడ్డునే ఇళ్లు కట్టుకున్నారు. ఏమిటమ్మా ఇది? ఏ వంద? ఎవరి వంద?"

"వరద అండీ. తలకట్లు చివర్న పెడదామనుకున్నాను. టైము అయిపోయింది."

"అక్షరాలకు తలలు చివర్న పెట్టడం ఎవరు నేర్పారు నీకు?"

"మా అమ్మండీ."

మాస్టారు కాగితం తూనీగ చేతికిచ్చి, "నువ్వే చదువు" అన్నారు.

తూనీగ చదివింది. తలలు లేకపోయినా తన రాత తనకు తెలుసు. తడబడకుండా పోతోంది. "పాత వరదను" అంది. తర్వాత మాట రాలేదు. 'మరచి' అని రాసుకుంది తను. కాగితం మీద 'మంచి' అని ఉంది. తలకట్టు పెడితే అది మరిచిపోవడం అవుతుంది. పెట్టకపోతే అది మంచి. అలా ఆ మాట దగ్గరే నిలబడిపోయింది. ఎక్కడో ఏదో తగిలింది. అదేమిటో ఆ పిల్లకు వెంటనే పోల్చుకోవడం రాలేదు, అంతకాలమైంది మరి.

"చాలు" అన్నారు మాస్టారు. "జవాబులన్నీ ఉన్నాయి. నీ పేరు పంపుతాను. కానీ ఒక్కటి గుర్తుంచుకో. పై పరీక్షలో కాగితం దిద్దేవాడి పక్కన కూర్చుని చదివి పెట్టడానికి నువ్వుండవు. తల ఎప్పటికప్పుడు పెట్టేయాలి."

తూనీగ సరేనంది. ఇంటికెళ్లి నాన్నకు చెప్పింది. నాన్న స్టూలు మీద కూర్చుండిపోయాడు, పిన్ని ఆ పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి తీయడం మర్చిపోయింది. తూనీగ మంచం కిందనుంచి అమ్మ సామాను పెట్టె లాగి, సన్నకుంచె, నల్ల రంగు డబ్బా తీసుకుని బయల్దేరింది.

మంలాయన ఏదో మిషను విప్పి నూనె వేస్తున్నాడు. పిల్ల చేతిలో కుంచె చూసి లేచాడు. నిచ్చెన తెచ్చి వేసి, కింద రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

దగ్గర్నుంచి చూస్తే అక్షరాల మీద దుమ్ము పేరుకుని ఉంది. చున్నీతో తుడిచింది. రెండో కొసనుంచి మొదలుపెట్టింది, 'బాగుచేయబడును' నుంచి వెనక్కి. ఎందుకలా మొదలుపెట్టిందో పైకి చెప్పలేదు గానీ, ఆ ర దగ్గరికి ఎంత ఆలస్యంగా వెళ్తే అంత నయమనుకుంది. అది పూర్తయితే అమ్మ పని పూర్తయినట్టే. ఇక ఈ ఊళ్లో ఆవిడ చేయాల్సిన పనంటూ ఏదీ మిగలదు. వాలు మొదట కాస్త వంకర పోయింది, తర్వాత కుదిరింది. మధ్యలో ర ఒక్కటీ వదిలేసి 'కుట్టు'కు కూడా పెట్టేసింది. కుంచె డబ్బా అంచుకు ఆనించి నిచ్చెన మెట్టు మీదే కూర్చుంది.

కిందనుంచి మంలాయన మెల్లగా అన్నాడు. "ఇంకొక్కటి ఉన్నట్టుందమ్మా."

"తెలుసండీ" అంది తూనీగ. "కాసేపాగి పెడతా."

ఆ మాట తన చెవిన పడింది. అమ్మ గొంతు కాదు, తన గొంతే. మాట మాత్రం అదే. అప్పుడు ఫోనులోంచి తల ఎత్తకుండా తను అన్న "ఊఁ" కూడా వినబడింది.

తూనీగ ఆగలేదు. కుంచె ముంచి, సున్నా మీద తల పెట్టేసింది. కళ్లలో నీళ్లు నిండి తలకట్టు సరిగ్గా పడిందో లేదో కనబడలేదు.

"సరిగ్గా వచ్చిందాండీ?" అని అడిగింది, ఏడుస్తూనే.

మంలాయన తలెత్తి, కూడబలుక్కుని, బోర్డు పైకి చదివాడు. "కుట్టు మరలు" అన్నాడు. "వచ్చిందమ్మా. దిగు, నేను పట్టుకునే ఉన్నాను."