ఒకాయన ఇల్లు

రిజిస్ట్రారాఫీసు గోడని ఆనుకొని ఒక జెరాక్సు కొట్టు, కొట్టు ముందు ఒక బల్ల. ఆ బల్ల మీద పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగు దాకా ఒక పెద్దాయన కూచుంటాడు. ముప్పై నాలుగేళ్ళు దస్తావేజులు రాసినవాడు. చూపు మందగించాక రాయడం మానేశాడు గాని, రావడం మానలేదు. ఇంట్లో కూచుంటే గోడలతో మాట్లాడాలి. ఇక్కడైతే ఎవరో ఒకరు వచ్చి ఏదో ఒక చిక్కు చెప్పుకుంటారు. తనకి తెలిసిన చట్టం తను చెబుతాడు. దానికి ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు.

ఎవరేం అడిగినా ముందు ‘కాగితమేది?’ అంటాడు. జనం ఆయనకి ఆ పేరే ఖాయం చేశారు. కాగితమేదాయన ఉన్నాడా అని అడిగితే, కొట్టు నడిపే టైపిస్టమ్మ తల తిప్పకుండా గడ్డంతోనే బల్ల వైపు చూపిస్తుంది.

ఆయన దగ్గర ఒక నియమం ఉంది. పేర్లు చెప్పకూడదు. సొంత గొడవైనా సరే, ‘ఒకతను’, ‘ఒకావిడ’ అనే చెప్పాలి. పేరు తెలిస్తే మనసు ఎటో ఒక పక్కకి ఒరుగుతుందనీ, ఒరిగిన మనసుతో చట్టం చెప్పకూడదనీ ఆయన పట్టుదల.

సెలూనతను ఒకరోజు పిక్కకి ఇంత కట్టు కట్టుకొని కుంటుకుంటూ వచ్చి, ఒకతన్ని పక్కింటి కుక్క కరిచిందన్నాడు. పెద్దాయన ఆ కాలు వైపు చూడను కూడా చూడలేదు. కుక్కని కట్టేసి ఉంచుతారా, అంతకుముందు ఎవరినైనా కరిచిందా, ఆసుపత్రి చీటీ ఉందా అని ఆరా తీశాడు. స్టేషన్లో ఫిర్యాదు రాసిచ్చి, ముద్ర వేసిన నకలు అడిగి మరీ తీసుకోమన్నాడు. ముందు మాత్రం ఆ ఒకతన్ని పోయి సూది వేయించుకోమను, అన్నాడు. దర్జీ అయితే, మూడేళ్ళుగా ఎవరూ పట్టుకుపోని కోటు తొడుక్కొని వచ్చి, అట్లాంటి బట్టలు ఒకతను వాడుకోవచ్చా అని అడిగాడు. వాళ్ళకి ఉత్తరం రాయాలి, గడువివ్వాలి, అప్పటిదాకా తొడుక్కోకూడదు అని జవాబు. దర్జీ అక్కడే కోటు విప్పి, మడిచి, చంకలో పెట్టుకొని పోయాడు.

నాలుగింటికి పెద్దాయన లేచి ఇంటికి పోతాడు. రెండు గదులు, వెనక కాస్త ఖాళీ జాగా. భార్య పోయి పద్నాలుగు నెలలైంది. పిల్లలు లేరు. గూట్లో ఆమె దువ్వెన అట్లాగే ఉంది, దండెం మీద ఆమె తువ్వాలు అట్లాగే ఉంది. ఒక మనిషికి వండుకోవడం ఆయనకి ఇంకా చేతకాలేదు. రోజూ అన్నం మిగిలిపోతుంది.

ఇల్లు ఆమెది. ఆమె తండ్రిది. ఆయన బతికుండగానే కూతురికి రాసిచ్చేద్దామనుకొని, ‘నువ్వే రాయి అల్లుడూ’ అని స్టాంపు కాగితంతో సహా వచ్చాడు. సొంతవాళ్ళ కాగితం తను ముట్టనన్నాడు అల్లుడు. తన పెళ్ళానికి ఇల్లొచ్చే పత్రం తనే రాసుకున్నాడని ఆఫీసులో నవ్విపోతారని భయం. వేరే రాతగాడి దగ్గరికి పొమ్మన్నాడు. ఇంట్లో రాసే అల్లుణ్ణి పెట్టుకొని బయటివాడి దగ్గరికి పోవడం మామగారికి నామోషీ. ఆ కాగితం తెల్లగానే ఉండిపోయింది, ఆయన పోయాడు. కొడుకు పొలం తీసుకున్నాడు, ఇల్లు కూతురి వాటాకొచ్చింది. అప్పట్లో ఎవరికీ అదేమంత పెద్ద సంగతి కాలేదు.

ఆ కొడుకే ఈయన బావమరిది. అక్క శవం ముందు నిలబడి, నలుగురూ వింటుండగా, జ్వరం వచ్చి మూడు రోజులైనా ఈయన బల్ల వదిలి రాలేదు, అందుకే పోయింది అన్నాడు. అది నిజం. నిజం గనకే పెద్దాయన బావమరిదిని క్షమించలేదు. పద్నాలుగు నెలలుగా ఇద్దరికీ మాటల్లేవు.

ఆ మధ్యాహ్నం కొట్టు ముందు స్కూటీ ఆగింది. హెల్మెట్ తీసి చేత్తో పట్టుకొని ఒక పిల్ల వచ్చి బల్ల చివర కూచుంది. పెద్దాయనకి దూరంగా ఉన్నవాళ్ళ ముఖాలు సరిగ్గా ఆనవు గాని, ఇంత దగ్గర కూచున్నాక పోల్చుకోలేకపోవడానికి వీల్లేదు. భార్య ముక్కు, భార్య నుదురు. బావమరిది కూతురు.

“పేర్లు వద్దంటగా” అంది.

“వద్దు.”

“ఒకావిడ ఉండేది. పోయింది. పిల్లల్లేరు. ఆవిడ ఇంట్లో ఆవిడ భర్త ఉంటున్నాడు, ఒకాయన.”

ఇక్కడ ఆపెయ్యాలి. ఇది మా ఇంటి సంగతి, నేను చెప్పను, అనాలి. కాని ఆ మాటంటే నువ్వెవరో నాకు తెలుసు అన్నట్టవుతుంది. తెలిసినవాడు ఎట్లా ఉన్నావమ్మా అని అడగాలి, మీ నాన్న ఎట్లా ఉన్నాడని అడగాలి. ఆ రెండో ప్రశ్నకి ఆయన నోరు పెగల్లేదు. అలవాటు కొద్దీ అడగాల్సింది అడిగాడు. ఇల్లు ఆవిడకి ఎట్లా వచ్చింది? తండ్రి బతికుండగా రాసిచ్చాడా, ఆయన పోయాక వాటాగా వచ్చిందా?

దానికీ దీనికీ ఏమిటి తేడా అని అడిగింది పిల్ల. తేడా అంతా అక్కడే ఉందని చెప్పాడు. బతికుండగా దానపత్రం రాసిచ్చి ఉంటే ఇల్లు ఆవిడ సొంతం, ఆవిడ తర్వాత భర్తది. అట్లా కాకుండా తండ్రి పోయాక వాటాగా వచ్చిందయితే, పిల్లలు లేరు గనక తిరిగి పుట్టింటికే పోతుంది. భర్తకి ఏమీ ఉండదు. ఈ ముక్క ఆయన ఇదే బల్ల మీద కనీసం పదిమందికి చెప్పి ఉంటాడు. ఎక్కడా తడబడలేదు.

పిల్ల హెల్మెట్ బెల్టు మెలితిప్పుతూ చెప్పుకొచ్చింది. ఆవిడకి ఒక తమ్ముడున్నాడట. ఇల్లు అడగాలా వద్దా అని ఊగిసలాడుతున్నాడట. ఇంట్లో భోజనాల దగ్గర రోజూ ఇదే రామాయణమట. ఆఖరికి, బల్ల దగ్గర ఏం చెబితే దానికి కట్టుబడతానన్నాడట. ఆ మనిషి ముఖం చూడనన్నాడు గాని ఆ మనిషి మాట అబద్ధమని మాత్రం ఎన్నడూ అనలేదట.

“కాగితాలెవరి దగ్గరున్నాయి?”

“ఆ ఒకాయన దగ్గరే. మేం, అంటే వాళ్ళు, ఎవరూ చూళ్ళేదు.” గొంతు తగ్గించింది. “దానపత్రం ఉందని బల్ల దగ్గర చెప్పారని నేను పోయి చెబితే అయిపోతుంది. ఆఫీసుకొచ్చి పాత పుస్తకాలు తిరగేయించే ఓపిక ఆ తమ్ముడికి లేదు. అంత మనసూ లేదు.”

లోపల టైపు చప్పుడు ఆగింది.

“రాసివ్వలేదు” అన్నాడు పెద్దాయన.

“మీకెట్లా తెలుసు? పేర్లు చెప్పలేదుగా నేను.” నవ్వబోయింది. ఇంకొక్క అవకాశం ఇచ్చిన నవ్వు అది.

“రాసివ్వలేదు. ఇల్లు తమ్ముడిది.”

 ఆ ఒకాయన తమ్ముడి గడప దాకా వచ్చి ఒక్క మాట అడిగితే చాలు, ఉన్నన్నాళ్ళూ ఉండమంటాడు, ఆ మాట కోసమే కాచుకొని కూచున్నాడు అంది పిల్ల. అడగడు, అన్నాడు పెద్దాయన.

“మరి ఎక్కడికి పోతాడు?”

“అది చట్టంలో ఉండదు.”

“లేదని నాకూ తెలుసు. నేను మిమ్మల్ని అడుగుతున్నా.”

తమ్ముడు రిజిస్టరు పోస్టులో నోటీసివ్వాలనీ, గడువు పెట్టాలనీ, సామాను తనంతట తను బయట పారేయకూడదనీ పెద్దాయన వరసగా చెప్పుకుపోయాడు. పిల్ల వినలేదు. మధ్యలోనే లేచింది.

“అత్తయ్య మీ గురించి ఎప్పుడూ ఒక మాట అనేది” అంది.

ఏమని, అని అడిగితే చెప్పి ఉండేది. ఆయన అడుగుతాడని అక్కడే నిలబడింది. హెల్మెట్ పెట్టుకుంది, బెల్టు బిగించుకుంది, మళ్ళీ వదులు చేసి బిగించుకుంది. ఆయన అడగలేదు. స్కూటీ తిప్పుకొని పోయింది.

టైపిస్టమ్మ బయటికొచ్చి, ముప్పై నాలుగేళ్ళు కాగితాలు రాసి ఏం నేర్చుకున్నారండీ అంది.  ఆయన నాలుగు కాకముందే లేచిపోయాడు.

నోటీసు కోసం నెల రోజులు చూశాడు. పోస్టతను వచ్చే వేళకి వాకిట్లో నిలబడేవాడు. రాలేదు. రాకపోవడం నోటీసు రావడం కన్నా అవమానంగా తోచింది. ఎవరి దయ మీదో ఉంటున్నట్టు. టైపిస్టమ్మని బతిమాలి ఒక గది చూడమన్నాడు. అట్టపెట్టెల గోడౌను మీద, ఇనప మెట్లెక్కి పోవాల్సిన గది దొరికింది.

సామాను దగ్గర ఒక పూటంతా పట్టింది. తన పేర బిల్లున్నవే తెచ్చుకున్నాడు. మంచం, స్టవ్వు, కుట్టుమిషను, తన పెట్టె. దువ్వెనకి బిల్లు లేదు. తువ్వాలుకి లేదు. ఆమె కప్పుకున్న దుప్పటి చాలాసేపు చేతుల్లో పెట్టుకొని కూచున్నాడు. అది ఎవరు కొన్నారో, ఎక్కడ కొన్నారో గుర్తు రాలేదు. మడతపెట్టి అక్కడే ఉంచి తాళం వేశాడు.

తాళంచెవి కవర్లో పెట్టి కొట్లో ఇచ్చి, ఆ పిల్లకి కబురు పెట్టించాడు. రెండో రోజు తిరుగు కబురొచ్చింది. ఆయనే వచ్చి చేతిలో పెడితే తీసుకుంటాను, లేకపోతే నాకక్కర్లేదు, అన్నాడట బావమరిది. ఇల్లు అప్పగించడానికి మనిషి పోనక్కర్లేదని, తాళంచెవి చేరితే చాలని పెద్దాయన చెప్పి పంపాడు. దానికి ఏ కబురూ రాలేదు. కవరు టైపిస్టమ్మ సొరుగులోనే ఉండిపోయింది. ఇల్లు అక్కడ, ఇద్దరూ చెరోచోట.

కొత్త గదిలో గోడలు దగ్గర దగ్గరగా ఉంటాయి. అన్నం ఇప్పటికీ మిగులుతూనే ఉంది.

వేసవి ముదిరాక ఒకరోజు పాత ఇంటి పక్కింటావిడ వచ్చింది. ఇరవై ఏళ్ళ పరిచయం. అయినా నియమం తప్పకుండా, మర్యాదగా బల్ల చివర కూచొని మొదలుపెట్టింది. ఒకావిడ వాళ్ళ పక్కిల్లు తాళం వేసి ఉందట. వెనక జాగాలో పోయినావిడ పెట్టిన మల్లెపాదులు ఎండిపోతున్నాయట. చూస్తూ ఊరుకోలేక, ఆ ఒకావిడ గోడ దూకి రోజుకి రెండు బిందెలు నీళ్ళు పోద్దామనుకుంటోందట. తప్పవుతుందా?

“తప్పే” అన్నాడు. “ఇంటివాళ్ళని అడగాలి.”

“ఇంటివాళ్ళెవరో ఇంటివాళ్ళకే తెలీడం లేదు కదండీ.”

ఆయన తల కొట్లో సొరుగు వైపు తిరిగింది.

“పోస్తే కేసెవరు పెడతారు?”

“ఎవరూ పెట్టరు.”

“మరింకేం, పోస్తాను లెండి” అని ఆవిడ చేతిసంచీ సర్దుకొని లేచింది. నాలుగడుగులు వేసింది.

“ఇదుగో” అని పిలిచాడు. ఆవిడ వెనక్కి తిరిగింది.

“అవతల గోడ కింద రాయి కదులుతుంది. ఆ ఒకావిడని కుడి పక్కన దిగమను.”

ఆవిడ తలాడించి వెళ్ళిపోయింది. ఇంకా మూడు కాలేదు. బల్ల దగ్గరికి ఇంకెవరూ రాలేదు.